వొకేషనల్ ఎవాల్యుయేటర్ కావాలంటే ఏ సర్టిఫికెట్ కావాలి: బెంగళూరు నుంచి ఒక సమాధానం

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను, తప్పైతే సరిదిద్దండి. మీరు ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చేశారు. వైకల్యం ఉన్నవాళ్ళకి ఉద్యోగాలు చూపించే ఒక స్వచ్ఛంద సంస్థలో, ఇక్కడే కోరమంగలలో, రెండేళ్ళుగా ప్లేస్‌మెంట్ చూస్తున్నారు. ఎవరికి ఏ పని సరిపోతుందో పరీక్షించి తేల్చే వొకేషనల్ ఎవాల్యుయేషన్ వైపు రావాలని ఉంది. ఈలోగా 40 గంటల ఆన్‌లైన్ కోర్సు, 35 వేల రూపాయలు, చివర్లో అంతర్జాతీయ సర్టిఫికెట్ అని ఒక ప్రకటన కనిపించింది. కట్టమంటారా, విదేశీ సర్టిఫికెట్ అవసరమా, ఉద్యోగం మానకుండా కుదురుతుందా అని అడిగారు.

ఆ 35 వేలు కట్టకండి. ఆ కోర్సులో ఏమీ నేర్పరని నేను అనడం లేదు, కొన్ని మంచి విషయాలే చెప్పొచ్చు. కానీ ఆ కాగితంతో మన దేశంలో ఈ వృత్తివాళ్ళని నమోదు చేసే రిజిస్టర్‌లో పేరు ఎక్కదు, అలాగని ఒక మనిషి పని చేస్తుంటే పక్కన కూర్చుని చూడటం 40 గంటల వీడియోలతో వచ్చేదీ కాదు. నేను ఈ పనిలోకి వచ్చి 16 ఏళ్ళు దాటింది, మాది మదనపల్లె, చదువు, ఉద్యోగం అన్నీ బెంగళూరులోనే. మీ ప్రశ్న చదివాక నా మొదటి రెండేళ్ళు గుర్తొచ్చాయి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మన దేశంలో వొకేషనల్ ఎవాల్యుయేటర్ అనే పేరుతో ఒక పరీక్ష, అది పాసైతే ఒక సర్టిఫికెట్, అలాంటి ఏర్పాటు లేదు. ఉన్నది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అందరూ ఆర్‌సీఐ అంటారు. 1992 చట్టం ప్రకారం అది సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్ నడుపుతుంది, మనవాళ్ళ నోట్లో సీఆర్‌ఆర్. అందులో 16 రకాల వృత్తులున్నాయి. మన పనికి దగ్గరగా ఉన్నది వొకేషనల్ కౌన్సెలర్లు, ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసర్లు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు అని ఒకే గుంపుగా ఉన్న వర్గం. రిహాబిలిటేషన్ సైకాలజిస్టులు, రిహాబిలిటేషన్ సోషల్ వర్కర్లు, రిహాబిలిటేషన్ వర్క్‌షాప్ మేనేజర్లు అనే వర్గాల్లోంచి వచ్చినవాళ్ళు కూడా ఇదే పని చేస్తుంటారు, నేను సైకాలజీ దారిలో వచ్చాను. రిజిస్టర్‌లో పేరు లేకుండా ఈ వృత్తి చేస్తే చట్టంలో 13వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, మీరు రాసే రిపోర్ట్ మీద మీ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండటం ఎంత ముఖ్యమో తెలియాలని.

మామూలు ఎమ్మెస్‌డబ్ల్యూ ఒక్కటే చూపిస్తే రిజిస్టర్‌లోకి రాలేరు. ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు ఒకటి చెయ్యాలి. మేధో వైకల్యం ఉన్నవాళ్ళ వొకేషనల్ రిహాబిలిటేషన్‌లో డిప్లొమా ఉంది, మన పనికి అదే అన్నిటికన్నా సూటి దారి. పీజీ స్థాయి కోర్సులు కూడా ఉన్నాయి, అయితే రిహాబిలిటేషన్ సైకాలజీ వైపు వెళ్ళాలంటే ముందు సైకాలజీలో పీజీ ఉండాలి, మీకది కుదరదు. డిప్లొమా అనగానే మీరు పీజీ చేసినవాళ్ళు కదా, వెనక్కి దిగినట్టు అనిపించొచ్చు. నా మాట నమ్మండి, వర్క్‌షాప్‌లో చేతులు పెట్టి నేర్చుకునేది ఆ డిప్లొమా పిల్లలే. ఉద్యోగం మానకుండా అన్న ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది: ప్రాక్టికల్స్ ఎక్కువ, పూర్తి ఉద్యోగం చేస్తూ ఇది అవ్వదు. మీ సంస్థతో మాట్లాడి వారానికి ఒకటి రెండు రోజుల పనికి మారగలరేమో చూడండి.

కోర్సులో చేరేముందు ఒక్క విషయం మాత్రం పట్టుబట్టి చూసుకోండి. ఆర్‌సీఐ ఆమోదం సంస్థకి మొత్తంగా ఇచ్చేసేది కాదు. ఏ సంస్థలో, ఏ కోర్సుకి, ఏ విద్యా సంవత్సరానికి అని విడివిడిగా ఇస్తారు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదట నేను చేరిన చోట గోడ మీద ఆమోద పత్రం ఫ్రేమ్ కట్టి పెట్టారు, అది చూసి ఫీజు కట్టేశాను. ఆ పత్రం అంతకుముందు బ్యాచ్‌లది. మా బ్యాచ్‌కి ఆమోదం పొడిగించలేదని ఆరు నెలలు గడిచాక తెలిసింది. అప్పటికి మా నాన్న చిట్టీ పాడి ఇచ్చిన డబ్బు అయిపోయింది, ఏడాది పోయింది, ఇంటికి ఫోన్ చేసి చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది నాకు. అందుకే ఎవరడిగినా మొదట ఇదే చెప్తాను: ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు, కోర్సు పేరు, మీరు చేరబోయే సంవత్సరం, మూడూ ఒకే వరసలో కనిపిస్తేనే డబ్బు కట్టండి. ఆఫీసులో ఎవరో "వచ్చేస్తుంది మేడమ్, ప్రాసెస్‌లో ఉంది" అంటే ఆ రోజు ఇంటికి వచ్చేయండి.

ఇక కోర్సు పూర్తయి రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా అది జీవితాంతం ఉండేది కాదు, గడువుకి రెన్యూ చేయించుకోవాలి. దానికి సీఆర్‌ఈ అనే, వృత్తిలో ఉన్నవాళ్ళ కోసం జరిపే శిక్షణ కార్యక్రమాలకి హాజరై పాయింట్లు కూడబెట్టుకోవాలి. చాలామంది చివరి ఏడాది టెన్షన్ పడి ఏ సబ్జెక్ట్ దొరికితే దానికి పరిగెడతారు. మొదటి ఏడాది నుంచే మన పనికి పనికొచ్చేవి ఎంచుకుంటే రెండు పనులూ అవుతాయి.

మీరు అడగకపోయినా ఇంకో సందేహం ముందే తీరుస్తాను, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు రోజూ దీంట్లోనే తికమకపడతారు. వైకల్య శాతం వేసే సర్టిఫికెట్ వేరు, మన ఎవాల్యుయేషన్ వేరు. శాతం వేసేది వైద్య అధికారులు. వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల కోసం వచ్చిన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, 40 శాతం, ఆ పైన ఉంటే రిజర్వేషన్ లాంటివి వర్తిస్తాయి. మానసిక అనారోగ్యానికి వాడే ఐడియాస్ అనే స్కేల్‌లో స్వీయ సంరక్షణ, మనుషులతో మెలగడం, మాట్లాడటం, అర్థం చేసుకోవడం, పని, ఇవి చూస్తారు. కానీ 60 శాతం అన్న అంకె చూసి ఆ మనిషి టైలరింగ్ చెయ్యగలడా, గోడౌన్‌లో సరుకు సర్దగలడా అన్నది ఎవరూ చెప్పలేరు. అది చెప్పడమే మన పని. అలాగే నైపుణ్య శిక్షణలు చూసే స్కిల్ కౌన్సిల్ వాళ్ళ అసెస్సర్ సర్టిఫికెట్ చూసి అదీ ఇదీ ఒకటే అనుకోకండి. అక్కడ అసెస్సర్ శిక్షణ అయ్యాక నేర్చుకున్నాడా లేదా అని చూస్తాడు. మనం శిక్షణకి ముందే కూర్చుని ఏ శిక్షణ ఇవ్వాలో తేల్చాలి.

ఇప్పుడు అసలు విషయం. సర్టిఫికెట్ దారి పైన చెప్పేశాను, అది ఫామ్‌లు, ఫీజులు, ఓపిక. అర్హత మాత్రం ఇంకో చోట వస్తుంది. నాకెలా వచ్చిందో చెప్తాను.

రిజిస్ట్రేషన్ వచ్చిన కొత్తల్లో ముళబాగిలు వైపు నుంచి ఒక తండ్రి 24 ఏళ్ళ కొడుకుని తీసుకొచ్చాడు. మేధో వైకల్యం, మాట తక్కువ. నేను గదిలో కూర్చోబెట్టి, కన్నడలో సూచనలు చెప్పి, అంకెలు, ఆకారాలు, రంధ్రాల్లో పెగ్‌లు (చిన్న పుల్లలు) గుచ్చడం అన్నీ చేయించాను. 8 దాటితే లెక్క తప్పుతున్నాడు. "లెక్కించే సామర్థ్యం లేదు, ప్యాకింగ్ పనికి తగడు" అని రిపోర్ట్ రాసి సంతకం పెట్టాను. నాలుగు నెలల తర్వాత ఆ తండ్రి మళ్ళీ వచ్చాడు, ఈసారి కొడుకుని తీసుకురాలేదు. ఎదురుగా కూర్చుని తెలుగులో, "సార్, వాడు ఏ పనీ చెయ్యలేడని రాసినారు. ఇంట్లో వాళ్ళమ్మ అప్పడాలు చేస్తే కట్టలు కట్టేది వాడే. మీరు గదిలో చూసినారు, పనిలో చూడలేదు గదా" అన్నాడు. కోపంగా అన్లేదు. అది నన్ను ఇంకా కుంగదీసింది. వాళ్ళింట్లో మాట్లాడేది తెలుగని నేను అడగనే లేదు, నేనూ తెలుగువాణ్ణే అయ్యుండి. కోలారు వైపు ఊళ్ళల్లో తెలుగు ఇళ్ళు ఎన్నో మనకి తెలియనిది కాదు, అయినా బెంగళూరు ఆఫీసులో కూర్చున్నాక అలవాటుగా కన్నడ మొదలుపెట్టేశాను.

అప్పుడు తెలిసినవాళ్ళ అగరుబత్తుల ప్యాకింగ్ యూనిట్‌లో అనుమతి తీసుకుని ఆ అబ్బాయిని మూడు రోజులు అక్కడ కూర్చోబెట్టాను, నేనూ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ప్యాకెట్‌కి 20 పుల్లలు. అతను గుప్పెడు పుల్లలు ఎడమ చేత్తో పట్టుకుని, అడుగు చివరలు బల్ల మీద రెండుసార్లు మెత్తగా తట్టి సమం చేసేవాడు. అది ఎవరూ నేర్పలేదు, అప్పడాల కట్టల నుంచి వచ్చిన అలవాటు. మూడు రోజుల్లో ఒక్క పుల్ల విరగలేదు. ఆడవాళ్ళు పదేళ్ళుగా చేస్తున్నవాళ్ళు కూడా గంటకి రెండు మూడు విరుస్తున్నారు. అతని దగ్గర తప్పంతా లెక్క దగ్గరే: ఒకసారి 17, ఒకసారి 23. యశవంతపుర దగ్గర ఒక వడ్రంగి చేత జానెడు చెక్కలో 20 గాళ్ళు తీయించాను. ఒక్కో గాడిలో ఒక్కో పుల్ల, గాళ్ళన్నీ నిండితే ఒకేసారి ఊడ్చి ప్యాకెట్‌లోకి. మొదటి గంట 31 ప్యాకెట్లు, అన్నిటిలోనూ సరిగ్గా 20. మూడో వారానికి 58 దాకా వచ్చాడు, ఆ యూనిట్‌లో మిగతావాళ్ళు 70 చేస్తారు. ఇంకోటి కూడా కనిపించింది: వెనకనుంచి మనుషులు నడుస్తుంటే ప్రతిసారీ ఆగి తిరిగి చూసేవాడు. కుర్చీని గోడ వైపు జరిపాం, ఆగడం తగ్గిపోయింది.

పాత రిపోర్ట్ వెనక్కి తీసుకుని కొత్తది రాశాను. అందులో ముఖ్యమైన భాగం నాలుగు వాక్యాలే. "అంకెలు లెక్కించడం రాదు. గాళ్ళ చెక్క ఇస్తే 20 పుల్లల ప్యాకెట్ తప్పు లేకుండా కడతాడు. కుర్చీ గోడ వైపు ఉండాలి. మొదటి వారం తెలుగు తెలిసిన ఒక మనిషి పక్కన ఉండాలి." యూనిట్ యజమానికి అందులో అర్థం కాని మాట ఒక్కటీ లేదు, మర్నాడే పనిలో పెట్టుకున్నాడు.

పరీక్షలు వద్దని నేను చెప్పడం లేదు. పర్‌డ్యూ పెగ్‌బోర్డ్ నేర్చుకోండి, అంటే పలక మీది రంధ్రాల్లో పెగ్‌లు గుచ్చే పరీక్ష, కుడి చేత్తో 30 సెకన్లు, ఎడమ చేత్తో 30, రెండు చేతులతో 30, ఆ తర్వాత జోడింపు 60 సెకన్లు. చేతి వేళ్ళ గురించి రెండు మూడు నిమిషాల్లో అది చెప్పేది గంట ఇంటర్వ్యూలో తెలియదు. మేధో వైకల్యం ఉన్నవాళ్ళకి ఏ పనులు వచ్చో చూసే, మన మద్రాసులోనే తయారైన ఎండీపీఎస్ అనే పట్టిక ఉంది, 18 విభాగాలు, ఒక్కోదానిలో 20 అంశాలు, మొత్తం 360, ఆఖరి విభాగాల్లో వృత్తి కూడా ఉంది. రోజువారీ పనుల్లో మనిషి ఎక్కడున్నాడో చూడటానికి నాకు ఇప్పటికీ అదే చేతికి అలవాటు. కానీ అమెరికా కార్మికుల మీద కట్టిన నార్మ్స్, అంటే పోల్చి చూసే సగటు అంకెలు, పెట్టుకుని ఇక్కడి పీణ్య పారిశ్రామిక వాడలో గార్మెంట్ యూనిట్‌లో చేరబోయే అమ్మాయికి మార్కులెయ్యకండి. దానికి బదులు ఆమె చేరబోయే యూనిట్‌కే వెళ్ళి, ఆ పని ఇప్పుడు చేస్తున్న పదిమందిని స్టాప్‌వాచ్‌తో చూడండి, అదే మీ కొలత. కదలికల్ని లెక్కగట్టి ప్రామాణిక సమయం తేల్చే మోడాప్ట్స్ లాంటి పద్ధతులు తర్వాత నేర్చుకోవచ్చు. అందులో ఒక మాడ్ అంటే 0.129 సెకన్లు. ఫ్యాక్టరీ ఇంజనీర్లతో మాట్లాడేటప్పుడు ఆ భాష వస్తే వాళ్ళు మన రిపోర్ట్ పక్కన పెట్టరు.

ఈ రోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి, రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ఆగొద్దు. ఎవాల్యుయేషన్ మీ పేరుతో ఇప్పుడే చెయ్యకూడదు, కానీ రిజిస్టర్ అయిన సీనియర్ చేస్తుంటే పక్కన కూర్చోవచ్చు. తేదీ, ఎన్ని గంటలు, ఏ పని, ఏం చూశారు, సీనియర్ సంతకం, వాళ్ళ సీఆర్‌ఆర్ నంబర్. పేర్లు రాయకండి, కేసు నంబర్ చాలు. రాసేటప్పుడు చూసింది ఒక వైపు, మీరనుకున్నది ఇంకో వైపు రాయండి. "బద్ధకం" అని రాస్తే అది మీరనుకున్నది. "పన్నెండున్నరకి తల బల్ల మీద పెట్టాడు, పది నిమిషాలు లేవలేదు" అంటే మీరు చూసింది. మాత్రలు ఎన్నింటికి వేసుకుంటాడని అడగాలన్న ఆలోచన ఈ రెండో వాక్యం నుంచే పుడుతుంది, మొదటిదాన్నుంచి ఎప్పటికీ రాదు. నా నోట్‌బుక్కులు 30 పైన ఉన్నాయి, ఉద్యోగం మారిన ప్రతిసారీ ఇంటర్వ్యూలో నా డిగ్రీల కంటే వాటినే ఎక్కువసేపు చూశారు.

విదేశీ సర్టిఫికెట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. అమెరికాలో ఈ వృత్తికే ప్రత్యేకంగా సీవీఈ అనే సర్టిఫికెట్ ఉండేది, దాన్ని ఇచ్చిన సీసీవేవ్స్ అనే కమిషన్ మూతపడింది. ఇంకా కొన్ని ప్రకటనల్లో ఆ మూడక్షరాలు కనిపిస్తాయి, జాగ్రత్త. ఇప్పుడు అక్కడ ఎక్కువమంది చేసేది సీఆర్‌సీ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సెలర్ సర్టిఫికెట్. దానికి మాస్టర్స్ కావాలి. అక్కడి కౌన్సెలింగ్ కోర్సుల గుర్తింపు సంస్థ కాక్రెప్‌లో 2017లో రిహాబిలిటేషన్ కోర్సుల గుర్తింపు సంస్థ కోర్ కలిసిపోయింది, వాళ్ళ నియమాల్లో 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో మొదటి సాధన), 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. మీరు వెళ్ళి అక్కడ స్థిరపడాలనుకుంటే ఆలోచించండి. ఇక్కడే పని చేస్తానంటే దానికోసం అప్పు చెయ్యాల్సిన పని లేదు. ఒక్కటి గమనించండి, అక్కడైనా అడిగేది గంటలే, పక్కన ఒక సీనియర్ ఉండగా చేసిన గంటలు.

ఉద్యోగాల గురించి: ప్రభుత్వం వైపు, ఒకప్పుడు వీఆర్‌సీలు, అంటే వొకేషనల్ రిహాబిలిటేషన్ సెంటర్లు, అని పిలిచే కేంద్రాలు, 1968లో ముంబై, హైదరాబాద్‌లతో మొదలైనవి, ఇప్పుడు నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్లు అయ్యాయి. బెంగళూరులో ఒకటి, చెన్నై గిండీలో ఒకటి ఉన్నాయి. పోస్టులు తక్కువ, ప్రకటనలు ఎప్పుడో గానీ రావు. స్వచ్ఛంద సంస్థల్లో జీతం తక్కువే, అది మీకు నేను చెప్పక్కర్లేదు. కొత్తగా పెరుగుతున్నది కంపెనీల వైపు. 2016 చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్ళని ప్రభుత్వ సంస్థలు తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పని చెయ్యలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. మరి ఏ పనికి అన్నది ఎవరో చూసి చెప్పాలి కదా. 21వ సెక్షన్ కింద ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి, అందువల్ల ప్రైవేట్ వాళ్ళ నుంచి కూడా పిలుపులు వస్తున్నాయి. నాకు గత మూడేళ్ళలో వచ్చిన పనిలో సగం, పక్షవాతం వచ్చాకో ప్రమాదం తర్వాతో తిరిగి డ్యూటీలో చేరబోయే ఉద్యోగుల కేసులే.

దగ్గర్లో చూడదగ్గవి రెండు. ఇక్కడ మానసిక ఆరోగ్య జాతీయ సంస్థ నిమ్హాన్స్‌లో సైకియాట్రిక్ రిహాబిలిటేషన్ విభాగం, అక్కడి బేకరీ, టైలరింగ్ లాంటి సెక్షన్లలో మనుషులు నిజంగా పని చేస్తుంటారు. చెన్నైలో మహాబలిపురం వెళ్ళే దారిలో ముట్టుకాడు దగ్గర నీప్‌మెడ్, బహుళ వైకల్యాల జాతీయ సంస్థ, రైలెక్కి ఒక రోజు పెట్టుకుంటే చాలు. ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. వెళ్ళినప్పుడు కోర్సు గురించి ఆఫీసులో అడగడంతో ఆపకుండా, వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఒక గంట కూర్చోనివ్వమని అడగండి. ఎమ్మెస్‌డబ్ల్యూ మార్కుల జాబితాలు, మీ సంస్థ నుంచి అనుభవ పత్రం దగ్గర పెట్టుకోండి. ఆ పత్రంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, వారానికి ఎన్ని గంటలు, ఏ వైకల్యం ఉన్నవాళ్ళతో పనిచేశారన్నది స్పష్టంగా రాయించుకోండి, "సంతృప్తికరంగా పనిచేశారు" అన్న ఒక్క వాక్యంతో ఇస్తే మళ్ళీ అడిగి రాయించుకోండి. ఏ కోర్సు అన్నది మీరు ఒక నిర్ణయానికి వచ్చాక ఆమోదం పేజీ ఇక్కడ పెట్టండి, ఫీజు కట్టేముందు నేనూ ఒకసారి చూస్తాను.